రాత్రిపూట కుక్క మొరుగుతుంటే: కారణం పట్టుకోవడం, తగ్గించడం ఎలా

రాత్రి రెండున్నరకు కుక్క మొరగడం మొదలుపెట్టగానే మనలో చాలామంది పడుకున్న చోటి నుంచే "ఏయ్, ఊరుకో!" అని కేక వేస్తారు, అది వినకపోతే చెప్పు అందుకుంటారు, తెల్లవారాక కింది ఫ్లాటు వారి కంట పడకుండా లిఫ్టు ఎక్కుతారు. హైదరాబాదు నల్లకుంటలోని మా మూడో అంతస్తు ఫ్లాటులో కొన్ని నెలలపాటు ఈ మూడు పనులూ చేసినవాణ్ణి గనుక, వాటివల్ల మొరుగుడు తగ్గదని అనుభవం మీద చెప్పగలను. కుక్క ఏదో ఒకదానికి బదులుగానే మొరుగుతుంది. అదేమిటో తెలియనంత కాలం ఎంత మంచి శిక్షణ అయినా చీకట్లో రాయి విసిరినట్టే ఉంటుంది. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పనుల్లో సగం కారణం కనుక్కోవడానికి సంబంధించినవే. అసలు మొరగని కుక్కను తయారు చేయడం సాధ్యం కాదు, ఆ అవసరమూ లేదు. గేటు దగ్గర అలికిడైతే రెండు మూడు సార్లు మొరిగి, మీరు "చాలు" అన్నప్పుడు తిరిగి వెళ్లి పడుకునే స్థితికి దానిని తీసుకురాగలిగితే అదే చాలు.

మొదటి పని: నొప్పి, జబ్బు లేవని తేల్చుకోండి

ఇన్నాళ్లూ రాత్రిళ్లు హాయిగా పడుకున్న కుక్క వారం పది రోజులుగా హఠాత్తుగా మొరుగుతూ, మూలుగుతూ, మాటిమాటికీ చోటు మారుతూ ఉంటే ఏ శిక్షణా మొదలుపెట్టకుండా ముందు పశువైద్యుడికి చూపించండి. పగటి సందడిలో మరుగున పడిన నొప్పి రాత్రి నిశ్శబ్దంలో పైకి వస్తుంది. పంటి నొప్పి వచ్చిన ప్రతివారికీ ఇది తెలిసిన సంగతే. ఆసుపత్రికి వెళ్లే ముందు ఇంట్లో మీరే ఒకసారి చూడండి. చెవి మడత ఎత్తి వాసన చూడండి. పులిసిన వాసన గానీ, నల్లని మడ్డి వంటి గులిమి గానీ ఉంటే చెవిలో ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించవచ్చు. కాలి వేళ్ల సందులు విడదీసి, మెడపట్టీ ఎత్తి, చెవుల వెనుక వెంట్రుకలు తప్పించి గోమార్లు ఉన్నాయేమో వెతకండి. కొన్ని జిల్లాల వారు పిడుదులనే ఈ పురుగులు రాత్రంతా దురద పుట్టించడమే కాక ప్రమాదకరమైన జ్వరాన్ని కూడా తెస్తాయి. కుక్క తిండి మానేసి, దాని చిగుళ్లు పాలిపోయి కనిపిస్తే ఇంకొక రోజు చూద్దామని ఆగవద్దు. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగుతూ రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తుంటే ఆ సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మధుమేహం, మూత్రపిండాల జబ్బు, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటివి ఇలాగే మొదట బయటపడవచ్చు. దగ్గరలో నమ్మకమైన క్లినిక్ లేనివారికి నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. ఇంట్లో ఉంది కదా అని మనుషులు వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు మాత్రం కుక్కకు వేయవద్దు. అవి దానికి విషంతో సమానం.

పది పదకొండేళ్లు దాటిన కుక్కల సంగతి వేరు. వాటికి చూపు, వినికిడి తగ్గడంతో పాటు మనుషుల్లో మతిమరుపు వచ్చినట్టు మెదడు పనితీరు కూడా మందగించవచ్చు. అప్పుడు పగలంతా పడుకుని, రాత్రి లేచి, గోడ మూలలో నిలబడి, ఎవరినీ చూడకుండా ఒకే తీరున మొరుగుతూ ఉంటాయి. అటువంటి ముసలి కుక్కను కసిరితే అది మరింత గాభరా పడుతుంది. అది పడుకునే చోట చిన్న దీపం వెలుగుతూ ఉంచండి, నీళ్ల గిన్నె చోటు మార్చకండి, గచ్చు మీద కాళ్లు జారకుండా గోనెపట్టా పరవండి, పగలు కాసేపు మెలకువగా ఉండేలా నెమ్మదిగా తిప్పండి. కొంతవరకు ఉపశమనం ఇచ్చే మందులు ఉన్నాయి గనుక వైద్యుణ్ణి అడగండి.

రెండో పని: ఏడు రాత్రుల నోటు పుస్తకం

చాలామంది వదిలేసే పని ఇదే, కానీ నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను పక్కమీదే పెట్టుకుని, వరుసగా ఏడు రాత్రులు, కుక్క మొరిగిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయండి: మొదలైన సమయం, ఎంతసేపు మొరిగింది, ఏ వైపు తిరిగి మొరిగింది, గొంతు ఎలా ఉంది, చివరకు ఎందుకు ఆపింది. లేవలేమనుకుంటే పాత ఫోను ఒకటి రికార్డింగులో పెట్టి కుక్క దగ్గర వదిలేస్తే చాలు. తెల్లవారాక అందులో కుక్క గొంతుతో పాటు దానికి ముందు వచ్చిన చప్పుళ్లు కూడా వినవచ్చు. మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకు వినగలిగితే కుక్క చెవి 45,000 హెర్ట్జ్ దాకా వినగలదు, దూరపు సన్నని చప్పుళ్లను కూడా పట్టుకుంటుంది; కాబట్టి ఉత్తినే మొరుగుతోందని మనం అనుకునేటప్పుడు నిజానికి మనకు వినపడనిది దానికి వినపడి ఉండవచ్చు.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. మా చింటూ నాటు కుక్క, అప్పటికి దానికి మూడేళ్లు. రోజూ మొరుగుతోందనే మేమందరమూ అనుకున్నాం. ఏడు రాత్రులు రాసి చూస్తే సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో మూడూ పది, మూడున్నర మధ్య మొరిగింది. మిగిలిన మూడు రాత్రులూ కిమ్మనలేదు. రోజు విడిచి రోజు మా వీధిలో జరిగేది ఒక్కటే: కుళాయి నీళ్లు రావడం. నీళ్లు వచ్చే రాత్రి వాచ్‌మన్ లేచి, సంపు ఇనప మూతను గచ్చు మీద ఈడ్చి, పక్కకు పడేసేవాడు. మూడంతస్తుల పైన, తలుపులు మూసుకున్న మాకు ఆ చప్పుడు నిద్రలో అందేది కాదు. చింటూకు మాత్రం ఎవరో ఇంట్లోకి చొరబడుతున్నట్టు వినిపించేది. మూత కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించి, ఈడ్వకుండా ఎత్తి పెట్టమని వాచ్‌మన్‌ను బతిమాలుకుంటే సగం గొడవ ఆ వారంలోనే తీరిపోయింది. మిగిలిన సగానికి చేసిన శిక్షణ సంగతి కింద చెబుతాను.

మీ పుస్తకంలోనూ ఇటువంటి వరుస ఒకటి కనిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో అయితే పాల ప్యాకెట్ల ట్రేలు దించే ఆటో, పేపరు కుర్రాడు, చెత్త బండి చప్పుళ్లను అనుమానించండి. రాత్రి పదకొండు దాటాక అయితే ఆఫీసు క్యాబులు, ఆలస్యంగా వచ్చే ఫుడ్ డెలివరీ బైకులు కారణం కావచ్చు. రంజాన్ నెలలో సహరీ (తెల్లవారక ముందు చేసే భోజనం) వేళ వీధిలో అలికిడి పెరిగే బస్తీల్లో ఆ నెల రోజులే మొరిగి, తరువాత మానేసే కుక్కలు ఉన్నాయి.

గొంతును కూడా జాగ్రత్తగా వినండి. గేటు వైపో, కిటికీ వైపో తిరిగి, బొంగురు గొంతుతో, వరుసగా గబగబా మొరిగితే అది కాపలా మొరుగుడు. ఒక్కసారి మొరిగి, ఆగి, మీ గది తలుపు వైపు చూసి, మళ్లీ మొరిగితే మిమ్మల్ని పిలుస్తోందని అర్థం. సన్నగా కుయ్ కుయ్‌మంటూ తలుపు గీరితే బయటికి వెళ్లాల్సిన అవసరమో, ఒంటరితనపు బెంగో ఉంటుంది. ఇక ఊళ. కుక్క ఊళ పెడితే ఎవరో పోతారని, యమదూతలు దానికి కనబడతారని మన పెద్దలు అనుకునేవారు. మా నాయనమ్మ అయితే వెంటనే లేచి చెంబెడు నీళ్లు గుమ్మంలో చల్లేది. ఊళ అనేది దూరాన ఉన్న తోటి కుక్కతో కుక్క మాట్లాడే పద్ధతి. వీధి చివర ఒకటి మొదలుపెడితే నాలుగు వీధుల కుక్కలు అందుకుంటాయి, అంబులెన్సు సైరను కూడా వాటికి అటువంటి పిలుపులాగే వినిపించవచ్చు. ఊళ చాలావరకు తనంతట తానే ఆగిపోతుంది గనుక దాని జోలికి పోకపోవడమే మంచిది.

మూడో పని: పడుకునే చోటు మార్చండి

ఈ నగరంలో రాత్రిపూట మొరిగే కుక్కల్లో చాలావాటిని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనో, గేటు లోపల మెట్ల కిందో కట్టేసి ఉంచుతారు. డాబా మీద కట్టేసిన కుక్కను ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి: గొలుసు అందినంత మేర గచ్చు మీద అర్ధచంద్రాకారంలో నున్నగా అరిగిన గీత ఉంటుంది, నీళ్ల గిన్నె ఆ గీత అంచున బోర్లా పడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాలిన స్లాబు రాత్రి చాలాసేపటి వరకు వేడి వదులుతూనే ఉంటుంది, కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి చల్లబడే దారి. పైగా నాలుగు వీధుల చప్పుళ్లూ, వాసనలూ అక్కడికి చేరుతాయి. అటువంటి చోట ఉంచి మొరగవద్దనడం న్యాయం కాదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా.

కాబట్టి కుక్కను ఇంటి లోపలికి తెండి. హాలులో, వీధి కిటికీకి దూరంగా, ఇంటివాళ్ల అలికిడి తెలిసే చోట పక్క వేయండి. వీధి కనిపించే బాల్కనీకి వెదురు తడికో, మందపాటి పరదానో కట్టండి. చూసి మొరిగే కుక్క అయితే ఈ ఒక్క మార్పుతోనే బాగా నెమ్మదిస్తుంది. విని మొరిగే కుక్కకు ఫ్యాను గానీ, ఎండాకాలంలో కూలరు గానీ ఆగకుండా తిరిగే చప్పుడు బయటి చిన్న చిన్న చప్పుళ్లను కప్పేస్తుంది. మా చింటూకు ఎయిర్ కూలరు హోరు జోలపాటలా పనిచేసింది, అయితే కరెంటు పోయిన మరుక్షణం లేచి కూర్చునేది.

నాలుగో పని: సాయంత్రపు దినచర్య

పగలంతా ఫ్లాటులో ఒంటరిగా పడుకున్న కుక్కకు రాత్రి నిద్ర రాదు. లాబ్రడార్, బీగిల్, జర్మన్ షెపర్డ్ వంటి చురుకైన జాతులకు రోజుకు రెండు పూటలా కనీసం అరగంట చొప్పున నడక కావాలి. వేసవిలో ఎండ పూర్తిగా తగ్గాక, అరచేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించగలిగినప్పుడే బయటికి తీసుకువెళ్లండి. మీ చెయ్యి ఓర్చుకోలేని వేడిని దాని పాదాలూ ఓర్చుకోలేవు. నడకంటే గొలుసు పట్టుకుని లాక్కుంటూ గబగబా తిప్పడం అనుకోవద్దు. ప్రతి చెట్టు మొదలునూ, స్తంభాన్నీ తీరిగ్గా వాసన చూడనివ్వండి, ఎందుకంటే ముక్కుతో చేసే పని కుక్కను కాళ్లతో చేసే పని కంటే ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది.

రాత్రి ఎనిమిది గంటలకల్లా అన్నం పెట్టేయండి. పడుకోబోయే ముందు, పదిన్నర ప్రాంతంలో, మూత్రానికి ఒకసారి కిందికి తీసుకువెళ్లండి. ఆ మధ్య సమయంలో పాత తువ్వాలు మడతల్లో నాలుగు వేరుశనగ పలుకులో, ఉడికించిన చికెన్ ముక్కలో చుట్టి పెట్టి వెతుక్కోమనండి. పది నిమిషాల ఈ వెతుకులాట తరువాత కుక్క తనంతట తానే ఒళ్లు విరుచుకుని పడుకోవడం మీరే చూస్తారు.

ఐదో పని: "చాలు" నేర్పండి

ఈ మాటను రాత్రి నేర్పలేము, పగలే నేర్పాలి. ఇంట్లో ఒకరు బయటికి వెళ్లి కాలింగ్ బెల్ కొట్టాలి. కుక్క మొరుగుతుంది, మొరగనివ్వండి. రెండు మూడు సార్లు మొరిగాక దాని ముక్కు దగ్గర చికెన్ ముక్క పెట్టండి. వాసన చూడాలంటే మొరుగుడు ఆపాలి గనుక అది ఆపుతుంది. ఆపిన ఆ క్షణంలోనే, గొంతు పెంచకుండా, "చాలు" అనండి, రెండు సెకన్లు ఆగి ముక్క ఇవ్వండి. మరునాడు మూడు సెకన్లు ఆగండి, ఆ తరువాత ఐదు, పది. రోజుకు ఐదారు సార్లు, రెండు వారాలు చేశాక ముక్క చూపించకుండానే మాట చెప్పి, ఆపితేనే ఇవ్వండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు "చాలు", ఇంకొకరు "నోర్ముయ్", మరొకరు "నో" అంటే కుక్కకు ఏదీ పట్టుబడదు.

నోటు పుస్తకంలో ఒక ప్రత్యేకమైన చప్పుడు దొరికితే దానికి విడిగా అలవాటు చేయవచ్చు. నేను సంపు మూత చప్పుడును ఫోనులో రికార్డు చేసి, పగటిపూట, చింటూ చెవి మాత్రమే కదిలేంత తక్కువ శబ్దంతో వినిపించి, వినిపించిన ప్రతిసారీ ఒక ముక్క పెట్టాను. మొరిగితే శబ్దం ఎక్కువ పెట్టానని అర్థం, మళ్లీ తగ్గించాను. మూడు వారాలకు నిజమైన మూత చప్పుడు వినపడితే మొరగడానికి బదులు నా మంచం దగ్గరికి వచ్చి నిలబడి, ముక్క ఏదన్నట్టు చూసింది.

నడిరాత్రి మొరిగినప్పుడు కేకలు వేయకండి. మీరు కూడా తనతో కలిసి మొరుగుతున్నారని అది అనుకుంటుంది. మెల్లగా లేచి, అది చూస్తున్న వైపు మీరూ ఒకసారి చూసి, "చాలు" అని, దాని పక్క దగ్గరికి నడిపించుకుపోండి. కొట్టడం, కరెంటు షాకు ఇచ్చే పట్టీలు వేయడం వల్ల మొరుగుడు వెనుక ఉన్న భయం రెట్టింపై, కొన్నాళ్లకు మొరగకుండానే కరిచే కుక్క తయారవుతుంది. రాత్రంతా మూతికి బిగుతైన చిక్కం కట్టడం ఇంకా ప్రమాదకరం. నోరు తెరిచి రొప్పలేని కుక్క వేడికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

మిమ్మల్ని పిలిచే కుక్క

మీ కోసమే మొరిగే కుక్కతో వ్యవహారం భిన్నంగా ఉంటుంది. ఆకలి, దాహం, మూత్రం, నొప్పి ఏదీ లేదని రూఢి చేసుకున్నాక దానికి బదులివ్వకండి. మాట, చూపు, తిట్టు, అన్నీ బదులే. మొదటి మూడు నాలుగు రాత్రులు మొరుగుడు తగ్గడానికి బదులు పెరుగుతుంది, ఎందుకంటే ఇదివరకు పనిచేసిన ఉపాయం ఇప్పుడెందుకు పనిచేయడం లేదని అది ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది. అక్కడ మెత్తబడి ఒక్కసారి లేచి వెళ్లారంటే ఇంకా ఎక్కువసేపు మొరగాలని నేర్పినట్టే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వారిని ముందుగానే ఒప్పించండి; "పాపం, ఆకలేమో" అంటూ రాత్రి రెండింటికి గ్లూకోజు బిస్కెట్టు పెట్టే అమ్మమ్మ ఉన్న ఇంట్లో ఏ శిక్షణా నిలవదు. మొదలుపెట్టే ముందు పక్క ఫ్లాటు వారికి చెప్పి ఒక వారం ఓర్చుకోమని అడగడం మర్యాద.

అయితే రెండు నెలల పిల్లకు ఈ పద్ధతి వర్తించదు. తల్లినీ, తోడబుట్టిన పిల్లలనూ వదిలి వచ్చిన పసికూన అది. మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు కూడా. దాని పక్కను మీ మంచం పక్కనే వేసి, చెయ్యి అందేలా ఉంచి, అలారం పెట్టుకుని రాత్రి ఒకటి రెండు సార్లు బయటికి తీసుకువెళ్లండి, తరువాత రోజుకు అడుగు చొప్పున దాని చోటును దూరం జరపండి. అలాగే, ఒంటరిగా ఉంచితే తలుపులు కొరుకుతూ, చొంగ కారుస్తూ వణికిపోయే పెద్ద కుక్కను కూడా పట్టించుకోకుండా వదిలేయకూడదు. దానిది మొండితనం కాదు, భయం. అటువంటి కుక్కకు వైద్యుడి సలహా కావాలి.

వీధి కుక్కలు కారణమైతే

బయట వీధి కుక్కలు కొట్లాడుకుంటుంటే లోపలి కుక్క ఊరుకోదు. చికెన్ దుకాణాల వ్యర్థాలు, టిఫిన్ బండ్ల ఎంగిలి ఆకులు పడేసే మూల ఎక్కడుందో చూడండి; రాత్రి జగడాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఆ చెత్తను సాయంత్రమే తీయించేలా కాలనీ సంఘం ద్వారా ప్రయత్నించండి. ఎడమ చెవో, కుడి చెవో కొస కత్తిరించి ఉన్న వీధి కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషను జరిగిందని గుర్తు. అటువంటి గుర్తు లేనివి ఎక్కువగా ఉంటే నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీకి ఫిర్యాదు చేయవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేస్తారు. ఆపరేషను జరిగిన చోట ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు జరిగే రాత్రి గుంపుల గోల తగ్గుతుంది. మీ మగకుక్క ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే రాత్రంతా గేటు దగ్గర తిరుగుతూ మొరుగుతుంటే అదే కారణమై ఉంటుంది, ఆపరేషను గురించి వైద్యుడితో మాట్లాడండి.

పండుగ రాత్రులు

దీపావళి, వినాయక నిమజ్జనం, బోనాల ఊరేగింపు, పెళ్లి బరాత్‌ల రాత్రుల్లో మొరుగుడుకు శిక్షణ పనికిరాదు. టపాకాయలు మొదలవక ముందే సాయంత్రపు నడక ముగించి, ఇంట్లో అన్నిటికంటే లోపలి గదిలో, మంచం కిందో, పెద్ద అట్టపెట్టెలోనో దుప్పటి వేసి దాక్కోనివ్వండి, ఫ్యాను, టీవీ పెట్టి ఉంచండి. భయపడుతున్న కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందనే మాట నిజం కాదు, నిశ్చింతగా పక్కన కూర్చోండి. బాగా భయపడే కుక్క అయితే పండుగకు వారం పది రోజుల ముందే వైద్యుణ్ణి కలవండి. ఒంటిని మాత్రమే మత్తులో పడేసి భయాన్ని అలాగే ఉంచే మందులూ ఉన్నాయి గనుక తెలిసినవారు చెప్పారని మందుల షాపులో కొని వేయవద్దు.

ఇరుగుపొరుగుతో

కుక్కను ఖాళీ చేయించమని అపార్టుమెంటు సంఘం ఒత్తిడి తెస్తే కంగారు పడనక్కర లేదు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీ చేసిన మార్గదర్శకాల్లో ఉంది. అయితే ఆ కాగితం చూపించి గెలిచినంత మాత్రాన కింది అంతస్తులో పరీక్షలకు చదువుకుంటున్న పిల్లకు నిద్ర పట్టదు. మీ ఫోను నంబరు వారికి ఇచ్చి, మొరిగినప్పుడల్లా సమయం మెసేజి పెట్టమని అడగండి. వారి కోపం కొంత చల్లారుతుంది, మీరు ఊరెళ్లిన రాత్రుల వివరాలు కూడా మీ నోటు పుస్తకంలో చేరతాయి. జీహెచ్ఎంసీ పెంపుడు కుక్క లైసెన్సు, రేబిస్ టీకా కార్డు సిద్ధంగా పెట్టుకోండి.

ఈ మార్పులు చేసిన నాలుగు వారాలకు మళ్లీ ఏడు రాత్రులు నోటు పుస్తకం రాసి, మొదటి వారంతో పక్కపక్కన పెట్టి చూడండి. మొరిగిన సార్ల సంఖ్య తగ్గకపోయినా, ఒక్కోసారి మొరిగే నిమిషాలు తగ్గి ఉంటే దారి సరైనదే, కొనసాగించండి. రెండూ తగ్గకపోతే కారణాన్ని తప్పుగా గుర్తించారని అనుకుని, ఆ రెండు వారాల రాతలనూ, ఫోను రికార్డింగులనూ వెంట తీసుకుని పశువైద్యుణ్ణి కలవండి.